మగ్గం మాటలు: అర్థం, పుట్టుక

వృత్తిపదాలంటే ఏమిటో కిందటి భాగంలో చదివారు. ఇప్పుడు ఒక్క వృత్తినే, చేనేతనే తీసుకుందాం.

ముందుగా ఆ మాటనే చూడండి. 'నేయు' నుంచి 'నేత' వచ్చింది. కోయు–కోత, మేయు–మేత ఇలాంటివే. తమిళంలో 'నెయ్', కన్నడంలో 'నేయ్' ఉన్నాయి కనుక ఇది పాత ద్రావిడ ధాతువు. మరి ముందున్న 'చే' ఎందుకు? మగ్గాలన్నీ చేతితోనే ఆడిన రోజుల్లో 'నేత' అంటే చాలు. మిల్లు బట్ట, మరమగ్గం వచ్చాకే చేతి నేతను విడదీసి చెప్పవలసి వచ్చింది. పాత వస్తువుకు కొత్త విశేషణం తగిలిందంటే దానికి పోటీదారు పుట్టాడన్నమాట.

మగ్గం మీద నిడివిగా బిగించిన పోగులు పడుగు, అడ్డంగా నడిచేవి పేక. 'పడుగు పేకల్లా కలిసిపోయారు' అని మగ్గం చూడనివాళ్ళు కూడా అంటారు. కన్నడిగులు ఈ జంటను 'హాసుహొక్కు' అంటారు. హాసు అంటే పరచడం, హొక్కు అంటే చొచ్చడం. పడుగు ముందే పరిచి ఉంటుంది, పేక దానిలోకి దూరుతుంది. పని తీరంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. మన జంటలో అది అంత సులభంగా పైకి కనబడదు.

పేక నూలును చుట్టింది కండె. దాన్ని కడుపులో పెట్టుకొని పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తేది నాడె. "నాడె అంటే షటిల్ అని రాస్తే చాలదా?" అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. చాలదు. చేత్తో విసిరే నాడె వేరు, తాడు లాగితే పరుగెత్తేది వేరు. రెండోది 1733లో ఇంగ్లండులో జాన్ కే పేటెంటు పొందిన పద్ధతి. ఏ నాడె అన్నది రాయకపోతే అర్థం సగమే.

'ఆసులో కండెలా తిరుగుతున్నాడు' అన్న జాతీయం మీరు వినే ఉంటారు. ఆసు పోయడమంటే మేకుల మధ్య నూలును మళ్ళీ మళ్ళీ తిప్పడం. చేత్తో చేస్తే ఒక చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. తల్లి పడే ఆ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం పేరులోనూ పాత 'ఆసు' నిలిచింది.

'అచ్చు' దగ్గర జాగ్రత్త. పేకను దగ్గరకు కొట్టే దువ్వెన వంటి సాధనం అచ్చు. తమిళంలోనూ ఇదే మాట. వ్యాకరణంలోని అచ్చు మాత్రం పాణిని 'అచ్' ప్రత్యాహారం. ధ్వని ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. సాలె, సాలీడుల సంగతి వేరు: గూడు నేసే పురుగుకు నేతవాడి పేరే దక్కింది.

భద్రిరాజు కృష్ణమూర్తి 'మాండలిక వృత్తిపదకోశం'లో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఊరూరా తిరిగి, పనివాళ్ళ నోట విని కూర్చినవి అవి. మా అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు నడుస్తోంది కనుక దిమ్మ, పాకం అన్న మాటలకు ఢోకా లేదు. గుంట మగ్గానికి ఆ అదృష్టం లేదు. గుంట పూడ్చి గచ్చు చేసిన ఇంట్లో పిల్లలకు ఆ మాటలు చెప్పే సందర్భమే రాదు.

అభ్యాసం: పాయకరావుపేటలో గాని, మీకు దగ్గరున్న నేతవాడలో గాని ఒక మగ్గం దగ్గర కూర్చోండి. పేరు అడిగే ముందు పని చూపించమనండి. వస్తువు బొమ్మ గీసి, పక్కన వారు పలికినట్టే రాయండి. పుస్తకంలో ఉన్న మాటకు వేరుగా పలికితే దిద్దకండి.