టైరులో గాలి, కారు మైలేజీ

కారు నడుస్తున్నంతసేపూ టైరు రోడ్డుకు ఆనిన చోట కాస్త అణిగి, పైకి తిరగ్గానే మళ్లీ తన రూపానికి వస్తుంది. అణగడానికి పట్టిన శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారిపోతుంది. ఆ వేడికి ఖర్చయ్యేది ట్యాంకులోని పెట్రోలే. గాలి తగ్గిన టైరు మరింత అణుగుతుంది, మరింత వేడెక్కుతుంది. నాలుగు టైర్లలో గాలి పీడనం సగటున ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. అంకె చిన్నదే. కానీ పంక్చరు లేకపోయినా టైరులో గాలి నెలకు ఒక పీఎస్‌ఐ దాకా దానంతటదే తగ్గుతూ ఉంటుంది. ఆరు నెలలు పట్టించుకోకపోతే పెట్రోలు వృథా కావడంతో పాటు టైర్ల అంచులూ అరిగిపోతాయి.

ఎంత గాలి ఉండాలో డ్రైవరు వైపు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లకు అది 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. టైరు పక్క గోడ మీద అచ్చయిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దాన్ని చూసి గాలి కొట్టించకూడదు.

గాలిని పొద్దున్నే, బండి తీయకముందో, కొద్ది దూరం నడవగానేనో చూసుకోవాలి. వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే పీడనం ఒకటిన్నర పీఎస్‌ఐ వరకు పెరుగుతుంది. హైవే మీద గంటలు నడిపాక ఆ పెరిగిన అంకె చూసి గాలి తీసేస్తే, టైరు చల్లారాక ఉండాల్సిన దానికన్నా తక్కువే మిగులుతుంది. ఎండాకాలంలో టైరు పేలుతుందన్న భయంతో కావాలనే గాలి తగ్గించేవారూ ఉన్నారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. తగ్గిన గాలితో వేగంగా పోయే టైరే విపరీతంగా వేడెక్కి పేలుతుంది. రామగుండం, విజయవాడ ఎండల్లోనూ స్టిక్కరు చెప్పిన గాలే ఉండాలి.

నైట్రోజన్ నింపిస్తే మైలేజీ పెరుగుతుందన్న ఆశ పెద్దగా ఫలించదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఎయిర్ ఫిల్టరు సంగతి కాలంతో మారింది. కార్బురేటరు ఉన్న పాత అంబాసిడర్, మారుతి 800 కార్లలో ఫిల్టరు దుమ్ము పట్టితే పెట్రోలు పాళ్లు ఎక్కువై మైలేజీ పడిపోయేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో వచ్చే గాలిని బట్టి కంప్యూటరు పెట్రోలును సర్దుతుంది కనుక, తగ్గేది ముఖ్యంగా పికప్పే. అయినా ఇంజన్‌లోకి దుమ్ము పోకుండా ఫిల్టరు మార్చాల్సిందే. అసలు నష్టం ఆక్సిజన్ సెన్సరు పాడైతే వస్తుంది. అలాంటి తీవ్రమైన లోపాన్ని సరిచేస్తే మైలేజీ 40 శాతం వరకు మెరుగుపడవచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. అందుకే డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగితే నెలల తరబడి వదిలేయకూడదు.

వీల్ అలైన్‌మెంట్ తప్పితే టైర్లు రోడ్డును ఈడ్చుకుంటూ పోతాయి. బ్రేకు పట్టేసి ఉన్నా అంతే. కొంతదూరం నడిపి ఆపినప్పుడు ఒక చక్రం దగ్గర మాత్రం ఎక్కువ వేడి తెలుస్తుంటే మెకానిక్కుకు చూపించాలి. ఇంజన్ ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడే వాడితే ఒకటి రెండు శాతం కలిసొస్తుంది. డిక్కీలో అక్కర్లేని సామాను 45 కిలోలుంటే సుమారు ఒక శాతం పోతుంది, చిన్న కారుకు ఆ భారం ఇంకా ఎక్కువ.