పాత అరెస్టు - విదేశీ ప్రయాణం

కాలేజీ రోజుల్లో ఏ ధర్నాలోనో అరెస్టయి, మర్నాటికి విడుదలైనవారు మీలో ఉండవచ్చు. అమెరికాలోని పిల్లల్ని చూడబోయేటప్పుడు ఆ పాత సంగతి మళ్లీ ఎదురవుతుంది. వీసా దరఖాస్తు డి.ఎస్.160లో శిక్ష పడిందా అనే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. కేసు కొట్టేసినా సరే, అవుననే రాయాలి. కోర్టు ఉత్తర్వు నకలు దగ్గర ఉంచుకోండి. అది కన్నడంలోనో, తమిళంలోనో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించండి.

శిక్ష పడని చిన్న అరెస్టు ఒక్కటే సాధారణంగా వీసాకు అడ్డు కాదు. దాచి దొరికిపోతే మాత్రం అమెరికా ప్రవేశం జీవితాంతం మూసుకుపోవచ్చు.

కోర్టులో కేసు ఇంకా నడుస్తోందా? 1967 నాటి చట్టం ప్రకారం పాస్‌పోర్టే నిరాకరించవచ్చు. 1993 ఉత్తర్వు చూపిన దారి ఒకటుంది: ముందుగా ఆ కోర్టు అనుమతి తెచ్చుకోండి.