యూరియా ఎప్పుడు, నీళ్ళెప్పుడు?

నిండా నీళ్ళున్న వరి మడిలో చల్లిన యూరియాలో పెద్ద భాగం పైరుకు దక్కదు. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా ఉంటుంది. అది పోయే దారి మన కళ్ళెదుటే ఉన్నా కనబడదు. యూరియా కొద్ది రోజుల్లోనే విడిపోయి అమ్మోనియం అవుతుంది. మడిలోని నాచు ఎండ పూట నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకోవడంతో నీరు క్షారంగా మారి, మధ్యాహ్నానికి ఉదజని సూచిక 9 దాకా చేరుతుంది. ఆ నీటిలో అమ్మోనియం కాస్తా అమ్మోనియా వాయువై గాలిలో కలుస్తుంది. నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లండి, 36 నుంచి 48 గంటలయ్యాక పలుచగా నీరు పెట్టండి అని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. అమ్మోనియం బురదలోకి దిగితే బంకమట్టి దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది.

ఇక ఆరుతడి సంగతి. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టానికి కింది సగమంతా బెజ్జాలు పెట్టి, ఆ సగాన్ని మడిలో దించి లోపలి మట్టి తీసేస్తారు. అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు దిగువకు వెళ్ళాకే మళ్ళీ తడి ఇస్తారు. వేళ్ళకు అప్పటికింకా తేమ అందుతూనే ఉంటుంది కనుక దిగుబడి తగ్గదు. మోటారు నడిచే గంటలు తగ్గుతాయి, మడి నుంచి వెలువడే మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది. పూత దశలో మాత్రం నీళ్ళు నిలిపి ఉంచాల్సిందే. అప్పుడు ఎండితే తాలు గింజలే.

అయితే ఆరుతడిలో ఒక చిక్కుంది, దీని గురించి మనం తగినంత మాట్లాడుకోవడం లేదు. నేల ఆరినప్పుడు లోపలికి గాలి చొరబడి, సూక్ష్మజీవులు అమ్మోనియంను నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును మట్టి పట్టుకోలేదు. మళ్ళీ నీళ్ళు నిండగానే ఊపిరాడని సూక్ష్మజీవులు అందులోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. మిగిలిన నత్రజని వాయువుగా పైకి పోతుంది. కొంత నైట్రస్ ఆక్సైడుగానూ వెలువడుతుంది, భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడు కంటే 270 రెట్లు బలమైనది. కాబట్టి యూరియా వేసిన వెంటనే మడిని ఎండగట్టకూడదు. పిలకల దశలోనూ, చిరుపొట్ట దశలోనూ ఎరువు వేశాక పైరు దాన్ని తీసుకునేదాకా నీరు ఉంచి, ఆ తర్వాతే ఆరబెట్టాలి.

బోరు ఉన్న రైతుకు ఇది తన చేతిలో పని. కాలువ చివరి భూముల్లో వంతు ఎప్పుడొస్తే అప్పుడే తడి. అక్కడ ఎరువు తేదీ కుదరాలంటే వంతుల తేదీలు ముందే రైతుకు తెలియాలి, ఆ తేదీకి నీరు నిజంగా రావాలి.