నెలలు నిండని శిశువుల్లో మాటల ధ్వనుల గ్రహణం

37 వారాల గర్భం పూర్తికాకముందే జన్మించిన శిశువును నెలలు నిండని శిశువు అంటారు. 2020లో ప్రపంచంలో సుమారు 1.34 కోట్ల మంది శిశువులు ఇలా జన్మించగా, వారిలో 30 లక్షలకు పైగా భారతదేశంలోనివారే. మాటల ధ్వనులను గ్రహించే విషయంలో వీరి మెదడు ఎదుగుదల నిండు నెలల శిశువుల ఎదుగుదలకు కొంత భిన్నంగా ఉంటుంది.

గర్భంలో వినికిడి

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తం గర్భం మధ్యకాలానికే రూపుదిద్దుకుంటుంది. సుమారు 25-28 వారాల నుండి పిండం శబ్దాలకు స్పందిస్తుంది. ఉమ్మనీటి గుండా మాటలు స్పష్టంగా చేరవు కాని, తల్లి గొంతులోని లయ, హెచ్చుతగ్గులు చేరతాయి. నవజాత శిశువులు ఇతర స్త్రీల గొంతు కంటే తల్లి గొంతునే కోరుకుంటారని 1980లో డీకాస్పర్, ఫైఫర్ నిరూపించారు. ముందుగా పుట్టిన బిడ్డ ఈ వినికిడిని కోల్పోయి, ఆసుపత్రి యంత్రాల మోత మధ్య కొన్ని వారాలు గడపవలసి వస్తుంది.

ధ్వనులను వేరుచేసే శక్తి

బ, గ అనే హల్లుల తేడా వల్లనే బడి, గడి అనేవి వేరువేరు మాటలవుతున్నాయి. 28-32 వారాల వయస్సు గల శిశువుల మెదడు సైతం బ, గ ధ్వనుల మార్పును గుర్తిస్తుందని ఫ్రాన్సులో జరిగి, 2013లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అంటే ఈ శక్తికి పునాది పుట్టుకకు ముందే పడుతుంది.

అయితే ముందుగా పుట్టి, ముందుగా మాటలు విన్నంత మాత్రాన భాషాభ్యాసం త్వరపడదు. మార్సెలా పెన్యా బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మాతృభాషను అదే లయ గల వేరొక భాష నుండి వేరుచేసే మెదడు స్పందన నిండు నెలల శిశువుల్లో 6 నెలలకు కనబడగా, మూడు నెలలు ముందుగా పుట్టినవారిలో 9 నెలలకు కనబడింది. కనుక వీరి ఎదుగుదలను పుట్టిన తేదీ నుండి కాక, ప్రసవం కావలసిన తేదీ నుండి లెక్కించాలి. దీనిని సవరించిన వయస్సు అంటారు.

తల్లి గొంతు

2015లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధనలో 25-32 వారాలకు పుట్టిన శిశువులకు రోజుకు మూడు గంటలు తల్లి గొంతును, గుండె చప్పుడును వినిపించారు. సుమారు నెల తరువాత వారి మెదడులోని శ్రవణ భాగం, ఆసుపత్రి శబ్దాలు మాత్రమే విన్నవారి కంటే పెద్దదిగా ఉంది. దీనివల్ల పిల్లలు బాగా మాట్లాడతారని మాత్రం ఇంతటితో రుజువు కాలేదు. బిడ్డను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ సంరక్షణలో కూడా బిడ్డకు తల్లి గొంతు దగ్గరవుతుంది.

వినికిడి పరీక్షలు

తీవ్రమైన కామెర్లు, జెంటామైసిన్ వంటి మందులు, ఐదు రోజులకు మించిన ప్రత్యేక చికిత్స వినికిడి లోపానికి దారితీసే ప్రమాద కారణాలు. నెలలోగా పరీక్ష, మూడు నెలల్లోగా నిర్ధారణ, ఆరు నెలల్లోగా చికిత్స జరగాలన్నది వైద్యుల నియమం. భారతదేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా చేరి ఉంది. తిరుపతి-పుత్తూరు మార్గంలోని వడమాలపేట వంటి ఊళ్ళవారికి పెద్ద ఆసుపత్రులు తిరుపతిలో ఉన్నాయి. బిడ్డను ఇంటికి తెచ్చుకునే ముందే వినికిడి పరీక్ష జరిగిందో లేదో అడిగి తెలుసుకోవడం మేలు. బిడ్డ ఆరోగ్యంగా కనబడినంత మాత్రాన వినికిడి లోపం లేదని చెప్పలేము.