ట్యాంకు నిండుగా, నల్లా సన్నగా: ఇంటి గొట్టం కొలతలో జరిగే పొరపాటు

నల్గొండ: కొత్తగా స్లాబు వేసిన ఇంట్లో గృహప్రవేశం. ఇంటిపైన వెయ్యి లీటర్ల ట్యాంకు అంచుదాకా నిండి ఉంటుంది. వాకిట్లో చుట్టాలు కాళ్ళు కడుక్కోవడానికి నల్లా తిప్పగానే స్నానాల గదిలో ధార సన్నబడిపోతుంది. వంటింట్లో బియ్యం కడుగుతున్న ఇల్లాలు ‘బయట నల్లా ఎవరు తిప్పారు, కట్టేయండి’ అని కేక వేస్తుంది. ఇంటాయన పైకెక్కి ట్యాంకు మూత తీసి చూస్తాడు. నీళ్ళకు కొదవ లేదు. మేస్త్రీని పిలిస్తే, ట్యాంకును ఇంకో రెండడుగులు పైకి లేపాలంటాడు. లేపినా పెద్దగా తేడా కనిపించదు.

ఇలాంటి ఇళ్ళు ఏ ఊళ్ళో చూసినా నాలుగైదు ఉంటాయి. లోపం సాధారణంగా ట్యాంకులో ఉండదు, ఎత్తులోనూ ఉండదు. ట్యాంకు నుంచి కొట్టం దాకా మొత్తం అరంగుళం గొట్టమే వేసి ఉంటారు. సిమెంటు, ఇనుము కొనేటప్పుడు నలుగురిని అడిగే మనిషి గొట్టాల దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో ఒకటి తీసుకురా’ అని ప్లంబరుకు డబ్బు చేతిలో పెడతాడు. నల్లా అరంగుళమే కదా, గొట్టం కూడా అరంగుళం చాలదా అన్నది చాలామంది లెక్క. ఈ లెక్క ఎక్కడ తప్పుతోందో గృహస్థులు ఒకసారి చూసుకోవలసి ఉంది.

బోరు దగ్గర రెండంగుళాల గొట్టానికీ మూడంగుళాల గొట్టానికీ నీటి పారుదలలో తేడా రైతుకు చెప్పనవసరం లేదు. మడి ఎంతసేపట్లో తడుస్తుందో చూసి కొలత చెప్పగలడు. ఇంట్లోనూ సూత్రం అదే. అరంగుళానికి అంగుళం రెట్టింపు కనుక నీళ్ళు కూడా రెట్టింపు వస్తాయని అనుకోరాదు. గొట్టం వెడల్పు రెట్టింపయితే లోపలి దారి నాలుగు రెట్లవుతుంది. గోడల రాపిడి కూడా తగ్గుతుంది కనుక అదే ఎత్తు నుంచి దాదాపు ఆరు రెట్ల నీరు దిగుతుంది. అరంగుళానికీ ముప్పావు అంగుళానికీ మధ్య తేడా పావు అంగుళమే అయినా, నీటిలో తేడా సుమారు మూడు రెట్లు.

రాపిడి ఎంత పని చేస్తుందో చూడాలంటే ఒక ఇంటిని లెక్కలోకి తీసుకోవచ్చు. స్లాబు పది అడుగుల ఎత్తున ఉంది. దానిమీద ఒక అడుగు దిమ్మె కట్టి ట్యాంకు పెట్టారు. నేలకు మూడడుగుల ఎత్తున నల్లా ఉంటే, నీటిని నెట్టడానికి ఉన్న బలం ఎనిమిది అడుగుల ఎత్తు మాత్రమే. ట్యాంకులో నీటిమట్టం ఎంత ఉంటే అంత దీనికి కలుస్తుంది, నీళ్ళు అడుగంటినప్పుడు అదీ ఉండదు. స్నానాల గదిలో ఏడడుగుల ఎత్తున షవరు పెట్టించుకుంటే దానికి మిగిలేది నాలుగడుగులే. పట్నంలో నాలుగంతస్తుల మేడలో కింది వాటాలో ఉన్న షవరును చూసి వచ్చి ఊళ్ళో అదే బిగించుకున్న వారికి అసంతృప్తి కలగడానికి కారణం ఇదే.

ఇప్పుడు ట్యాంకు నుంచి బర్రెల కొట్టం దగ్గరి తొట్టి దాకా గొట్టం వంద అడుగులు పోయిందనుకుందాం. నిమిషానికి 12 లీటర్లు, అంటే ఒక చిన్న బకెట్టెడు నీళ్ళు రావాలని ఇంటివారి కోరిక. లోపలి దారి 16 మిల్లీమీటర్లు ఉండే అరంగుళం ప్లాస్టిక్ గొట్టంలో ఆ నీరు వంద అడుగులు నడిచేసరికి తొమ్మిది అడుగుల ఎత్తుకు సమానమైన బలం రాపిడికే ఖర్చయిపోతుంది. ఉన్నదే ఎనిమిది అడుగులు! అదే ముప్పావు అంగుళం గొట్టంలో రెండున్నర అడుగులు పోతుంది. అంగుళం గొట్టంలో ఒక అడుగు కూడా పోదు.

ఇది ఒక్క నల్లా తిప్పినప్పటి సంగతి. రెండు నల్లాలు ఒకేసారి తిప్పితే గొట్టంలో పారే నీరు రెట్టింపు కావాలి. రాపిడి మాత్రం రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. వంటింట్లో ఇల్లాలు కేక వేయడానికి అసలు కారణం ఇక్కడ ఉంది. మొదటి నల్లాను తిప్పిన వారిది తప్పేమీ కాదు.

పేరు ఒకటి, దారి ఒకటి

దుకాణంలో ‘అరంగుళం’ అని అడిగి తెచ్చే గొట్టాలన్నీ లోపల ఒకే వెడల్పు ఉండవు. చాలామంది ప్లంబర్లు కూడా పట్టించుకోని విషయం ఇది. పూర్వం వేసిన అరంగుళం జి.ఐ. గొట్టం లోపలి దారి సుమారు 16 మిల్లీమీటర్లు. ఇప్పుడు గోడల్లో ఎక్కువగా వేస్తున్న లేతపసుపు రంగు సి.పి.వి.సి. గొట్టంలో అరంగుళం అన్నదాని లోపలి దారి సుమారు పన్నెండున్నర మిల్లీమీటర్లే. పైన చెప్పిన ఇంట్లో వంద అడుగులకూ ఈ గొట్టమే వేస్తే నిమిషానికి ఆరు లీటర్లు కూడా కష్టం. ముప్పావు అంగుళం సి.పి.వి.సి. లోపలి దారి సుమారు 18 మిల్లీమీటర్లు. అంటే పాత ఇంట్లో తండ్రి వేయించిన అరంగుళం ఇనుప గొట్టానికి కొంచెం ఎక్కువ, అంతే. ‘మా పాత ఇంట్లో అరంగుళంతోనే బాగా వచ్చేవి కదా’ అని అడిగేవారికి జవాబు ఇదే.

పొలానికి కొనే బూడిదరంగు పి.వి.సి. గొట్టాల లెక్క వేరు. వాటిమీద 63, 75, 90 అని ఉండే మిల్లీమీటర్ల అంకె బయటి కొలత. పొలం గొట్టాల్లో మిగిలిన ముక్కలను తెచ్చి ఇంటికి అతికేవారు ఇది గుర్తుంచుకోవాలి. కొనేటప్పుడు ముక్క చేతిలోకి తీసుకుని, లోపలి అంచు నుంచి అంచుకు స్కేలు పెట్టి చూడటం మంచిది. దుకాణదారు ఏమీ అనుకోడు.

ఇనుప గొట్టాల్లో ఇంకో ఇబ్బంది తుప్పు. ఇరవై ముప్పై ఏళ్ళనాటి జి.ఐ. గొట్టాన్ని కోసి చూస్తే తుప్పు గడ్డలు కట్టి, దారి వేలు పట్టనంతగా మూసుకుపోయి ఉండవచ్చు. బోరు నీరు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్ళలో సున్నపు పొర కూడా కడుతుంది. అటువంటి గొట్టానికి కొత్త నల్లా బిగించి ప్రయోజనం లేదు.

గొట్టం సన్నగా ఉంటేనే నీళ్ళు జోరుగా వస్తాయన్న నమ్మకం ఒకటి పల్లెల్లో బలంగా ఉంది. చెట్లకు నీళ్ళు పట్టేటప్పుడు రబ్బరు గొట్టం కొసను బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరం చిమ్ముతాయి కదా అంటారు. చిమ్మేమాట నిజం. కానీ అలా నొక్కి బకెట్టు నింపి చూస్తే ఎక్కువసేపు పడుతుంది. కొసన నొక్కినప్పుడు గొట్టంలో నీరు నెమ్మదిగా నడుస్తుంది, రాపిడి తగ్గి బలమంతా కొసన మిగులుతుంది. గొట్టం మొదటి నుంచీ సన్నగా ఉంటే ఆ బలం దారిలోనే హరించుకుపోతుంది. సన్నం చేయవలసి వస్తే నల్లా దగ్గర చేయాలి గాని ట్యాంకు దగ్గర కాదు.

కాబట్టి ట్యాంకు నుంచి దిగే పెద్ద గొట్టం అంగుళం కంటే తక్కువ ఉండరాదు. రెండు స్నానాల గదులు, వంటిల్లు, కొట్టం అన్నీ ఒకదానిమీదే ఆధారపడితే అంగుళంపావు వేయడం మేలు. అక్కడి నుంచి ఒక్కొక్క గదికి ముప్పావు అంగుళం. చివరి నాలుగైదు అడుగులు, నల్లాకు ఎక్కే ముక్క మాత్రమే అరంగుళం. చెట్టు మాను, కొమ్మ, రెమ్మ ఎలా ఉంటాయో అలా. కొట్టానికి వేరే గొట్టం ట్యాంకు నుంచే నేరుగా వేసుకుంటే బర్రెలు కడిగేటప్పుడు ఇంట్లో నీళ్ళు ఆగవు. ఈ సౌకర్యానికి అయ్యే అదనపు ఖర్చు, తర్వాత టైల్సు పగలగొట్టి మళ్ళీ వేయించే ఖర్చుతో పోలిస్తే ఏపాటిది?

వంపులు కూడా తగ్గించాలి. అరంగుళం గొట్టంలో ఒక్కొక్క ఎల్బో ఒకటిన్నర అడుగు గొట్టంతో సమానమైన రాపిడి తెస్తుంది. ట్యాంకు నుంచి బయటికి వచ్చిన గొట్టానికి గాలి పోయే సన్న గొట్టం ఒకటి నిలువుగా, ట్యాంకు మూతకంటే ఎత్తుగా పెట్టించాలి. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడు గొట్టంలో గాలి ఇరుక్కుని నీళ్ళు రాని బాధ దీనితో తప్పుతుంది.

అలాగని రెండంగుళాలు వేస్తే ఇంకా మంచిదని అనుకోవద్దు. వంద అడుగుల అరంగుళం గొట్టంలో నిలిచే నీరు ఆరు లీటర్లయితే అంగుళం గొట్టంలో 17 లీటర్లు నిలుస్తుంది. మేలో ఎండకు కాగిన ఆ నీళ్ళన్నీ పోయాకనే చల్లని నీరు వస్తుంది. గొట్టం పెద్దదయ్యేకొద్దీ ఈ బాధ పెరుగుతుంది.

వీధి నల్లా లెక్క వేరు

ఇంతవరకు చెప్పింది సొంత ట్యాంకు సంగతి. మంచినీటి పథకం నుంచి ఇంటికి ఇచ్చే కనెక్షన్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ వీధి గొట్టానికి వేసిన రంధ్రం పరిమాణమే ఇంటికి ఎంత నీరు రావాలో తేలుస్తుంది. ఆ రంధ్రం దాటాక ఇంటి వైపు రెండంగుళాల గొట్టం వేసినా ప్రయోజనం ఉండదు. ఎక్కడైనా నల్లా దగ్గర ధారను అందరికీ సమానం చేసే చిన్న వాల్వు బిగించి ఉంటే దాన్ని ఊడదీయడమంటే పక్కింటి బిందెలో చెయ్యి పెట్టడమే.

నల్గొండ జిల్లాలో ఈ మాటకు బరువెక్కువ. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో బోరు నీటిలోని ఫ్లోరైడు రెండు మూడు తరాల ఎముకలను వంచింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న అప్పటి నల్గొండ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో ఆవిష్కరించడం యాదృచ్ఛికం కాదు. పథకం ప్రకారం గ్రామాల్లో మనిషికి రోజుకు వంద లీటర్లు లెక్క. 2019లో మొదలైన కేంద్ర జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. ఇంట్లో ఐదుగురుంటే 55 చొప్పున 275 లీటర్లు. నిమిషానికి ఐదు లీటర్ల సన్న ధార 55 నిమిషాలు వస్తే ఆ నీళ్ళు సరిపోతాయి. వంద లీటర్ల లెక్కకైతే గంటా నలభై నిమిషాలు. అంటే అరంగుళం కనెక్షన్ చాలదన్నది నిజం కాదు. ధార ఆగకుండా రావాలి, అది ముఖ్యం.

ధారను ఆపుతున్నవి మోటార్లు. పల్లపు వాడలో నలుగురు నల్లాకు మోటారు బిగిస్తే మిట్టన ఉన్న ఇళ్ళకు గాలి తప్ప నీరు రాదు. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతుకు ఈ బాధ ఏమిటో బాగా తెలుసు. ఎగువన తూములు పెద్దవి చేసుకుంటే దిగువకు ఏం మిగులుతుంది? మిట్ట ఇంటి ఆడవాళ్ళు బిందె తీసుకుని మళ్ళీ పాత బోరు దగ్గరికే పోతారు. ఏ నీళ్ళు తాగకూడదని ఇంత ఖర్చు పెట్టి కృష్ణా నీరు తెచ్చారో ఆ నీళ్ళే పిల్లల గ్లాసులోకి వస్తాయి.

మోటారు పెట్టినవారికి కూడా మేలు లేదు. మోటారు లాగినప్పుడు వీధి గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగులున్న చోట చుట్టుపక్కల మురుగు లోపలికి పీల్చుకుంటుంది. అది మొదట వచ్చేది మోటారున్న ఇంటికే. నీళ్ళు అందడం లేదని నల్లా దగ్గర గుంత తవ్వి, గొట్టాన్ని గుంతలోకి దించుకోవడం కూడా ఇటువంటిదే. ధార కొంత పెరుగుతుంది, నిజమే. కానీ సరఫరా ఆగాక గుంతలో నిలిచిన మురికినీరు గొట్టంలోకి వెనక్కు పోతుంది.

ఎక్కువ నీరు కావలసినవారు ఇంటి ముందు మూత ఉన్న సంపు కట్టించుకోవచ్చు. నల్లా నీరు తనంతట తానే సంపులోకి పడాలి. గొట్టం కొస సంపులోని నీటిమట్టానికి పైన ఉండాలి గాని మునగకూడదు. నిండగానే ఆగేందుకు బంతి వాల్వు బిగించాలి. మోటారు పెడితే సంపుకు పెట్టి ట్యాంకు నింపుకోవచ్చు. దానికి నీరు లాగే వైపు గొట్టం మోటారు నోటికంటే సన్నగా ఉండకూడదు. సన్నగా ఉంటే మోటారు మొత్తుకుంటుంది గాని నీరెక్కదు.

కొత్త ఇల్లు కట్టేవారు గోడలకు పూత వేయకముందే ఒక రోజు ట్యాంకులో సగం నీళ్ళు పోసి, స్నానాల గదిలో, వంటింట్లో, వాకిట్లో నల్లాలు మూడూ ఒకేసారి తిప్పి చూడాలి. ఒక్కొక్క దాని కింద బకెట్టు పెట్టి గడియారం చూసుకుంటే చాలు. 12 లీటర్ల బకెట్టు నిమిషంన్నరలోపు నిండితే పూత వేసుకోవచ్చు. రెండు నిమిషాలు దాటితే ప్లంబరుకు కూలి ఇవ్వకముందే గొట్టం మార్పించాలి. పూత పడ్డాక చెబితే, ట్యాంకు ఇంకో రెండడుగులు లేపమనే అంటాడు.