ఇంజిన్ ఆయిల్లో ఆ మెరుపులెక్కడివి?

రాయపూర్ పక్కన ఉర్లాలో పెరిగే పిల్లలకు అయస్కాంతం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. రోలింగ్ మిల్లులు, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు ఉన్న చోటు కదా, రోడ్డు పక్క దుమ్ములో దాన్ని తిప్పితే చాలు, నల్లటి పొడి అంటుకుని నిక్కబొడుచుకుంటుంది. ఇవాళ ఆ అయస్కాంతాన్ని బండి కిందకు పట్టుకెళ్దాం, పదండర్రా.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టిని మెకానిక్కులు చాంబరు అంటారు. దాని కింది నట్టు విప్పితే పాత ఆయిల్ దిగిపోతుంది. చాలా కార్లలో చాంబరు అల్యూమినియంది, నట్టు ఉక్కుది. గొడవంతా అక్కడే. బిగించినప్పుడు పడే బరువు మరలన్నిటి మీదా సమానంగా పడదు, మొదటి మూడు నాలుగు మరలే చాలావరకు మోస్తాయి. లీకవుతుందేమోనన్న భయంతో పొడుగు పానా వేసి లాగారంటే మెత్తని అల్యూమినియం మర తెగుతుంది. ఒకటి తెగితే బరువు పక్కదాని మీద పడి అదీ తెగుతుంది. అందుకే నట్టును ముందు వేళ్ళతోనే ఎక్కించాలి. సులువుగా ఎక్కకపోతే వంకరగా వెళ్తోందన్నమాట. కార్లకు మామూలుగా 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగుతు చాలు, మీ బండి లెక్క మాన్యువల్లో ఉంటుంది. లీకు ఆపేది మన బలం కాదు, నలిగి సందు మూసే వాషరు. ప్రతిసారీ కొత్తది వేయండి.

ఇప్పుడు దిగిన ఆయిల్ని వెలుతురులో చూడండి. అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తటి ముద్ద అంటితే కంగారు పడకండి, అది ఇనుము మామూలు అరుగుదలే. సన్నగా చుట్టలు తిరిగిన వెండిరంగు పీచు కనబడి, అయస్కాంతానికి అంటలేదంటే అది చాంబరు మర తాలూకు అల్యూమినియమే కావచ్చు. పల్చటి రేకుల్లా మెరిసే ముక్కలైతే అనుమానించాలి. వాటిలో రాగి రంగు కనబడితే, ఇంజిన్లో తిరిగే ఇరుసును, అంటే క్రాంకు షాఫ్టును మోసే బేరింగు పై పూత అరిగి లోపలి పొర బయటపడి ఉండొచ్చు. బేరింగుకూ క్రాంకు షాఫ్టుకూ మధ్య ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే, తలవెంట్రుక మందమేమో దాదాపు 70. ఇక ఆ సందులో రేకు ముక్క ఇరుక్కుంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

 ఆయిల్ని చూసి ఇంజిన్ జబ్బు పట్టే ఈ విద్య రైలు ఇంజిన్ల దగ్గరే పెద్దదైంది. అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్‌రోడ్ 1946 ప్రాంతంలో వాడిన ఆయిల్లోని లోహాలను కొలిచి, డీజిల్ ఇంజిన్ల జబ్బును ముందే కనిపెట్టడం మొదలుపెట్టింది. ఆయిల్ని విద్యుత్ మెరుపులో మండిస్తే ఇనుము, రాగి, సీసం దేని కాంతి అది వెదజల్లుతాయి. మన డీజిల్ షెడ్లలోనూ ఈ పరీక్ష ఉంది. అయితే పరీక్ష చేసే ఆ యంత్రం చూసేది సుమారు 10 మైక్రాన్లలోపు రేణువులనే. పెద్ద ముక్కలు దానికి సరిగా ఆనవు. వాటిని పట్టుకోవాల్సింది మీ కన్నూ, అయస్కాంతమూ.

మర పోతే ఏం చేయాలి? లావు నట్టును బలవంతంగా ఎక్కించడం ఇంటికి చేరేవరకే పనికొస్తుంది. చాంబరు దింపి, రంధ్రం పెద్దది చేసి, ఉక్కు మర చుట్ట బిగించడం అసలు మరమ్మతు. దింపకుండానే చేయాల్సి వస్తే, మర కోసే పనిముట్టుకు గ్రీజు దట్టంగా పూయండి, రజను దానికి అంటుకుంటుంది. తర్వాత చవక ఆయిల్ కొంచెం పోసి కడిగి, ఫిల్టరు మార్చి, అప్పుడు మంచి ఆయిల్ పోయండి.

రాగి రేకులు కనబడితే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చండి. బేరింగుల దగ్గర ఆగాల్సిన ఖర్చు, మొండికేసి నడిపితే క్రాంకు షాఫ్టుదాకా పాకుతుంది.