గాజుల వెనుక చేతులు

తెలుగులో ‘గాజు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. దీపపు చిమ్నీ గాజుతో చేసినది. ఆడపిల్ల చేతికి తొడిగేదీ గాజే. హైదరాబాదు లాడ్ బజారులో ఈ రెండర్థాలూ ఒకే వస్తువులో కలుస్తాయి. అక్కడి లక్క గాజులపై పొదిగేది గాజు రాళ్ళు, అద్దపు ముక్కలే.

మా ఆత్మకూర్ (ఎస్) ప్రాంతంలో నికాహ్ నిశ్చయమైతే, పెళ్ళికూతురి గాజుల కోసం సూర్యాపేట మీదుగా హైదరాబాదు వెళ్ళే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. చార్మినారు పక్క వీధిలో అంగళ్ళ మెరుపు చూసి మురిసిపోతాం. ఆ మెరుపు వెనుకనున్న చేతులను గురించి మాత్రం ఆలోచించం.

లక్క అనేది చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించే జిగురు. దానిని బొగ్గుల కుంపటిపై మెత్తబరచి, పట్టీగా సాగదీసి, గుండ్రంగా వంచి అంచులు అతికిస్తారు. మళ్ళీ వేడి చూపి, ఒక్కొక్క రాయినే చేతితో అమరుస్తారు. వేడి చాలకపోతే రాయి పట్టదు. మించితే గాజు వంకరపోతుంది. ఈ అంచనా పుస్తకాలలో దొరికేది కాదు. ఉస్తాద్ పక్కన కూర్చుని, చూసి, చెడగొట్టి, తిరిగి చేసి నేర్వవలసినదే. చేయి కుదిరిన తరువాతే రంగుల మేళవింపు, రాళ్ళ వరుస, కొత్త డిజైను అలవడతాయి.

అయితే నేర్పడం వేరు, వాడుకోవడం వేరు. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలోని గాజుల తయారీ గదులపై పోలీసులు దాడులు జరిపి వందలాది బాలలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు నుండి తెచ్చిన పేద పిల్లలు. ఇరుకు గదులలో పొద్దస్తమానం రాళ్ళు అతికించడమే వారి పని. బడి లేదు, ఆట లేదు. పాఠం చెప్పే వృత్తిలో ఉన్న నాకు ఆ వార్త నేటికీ కలవరం కలిగిస్తుంది. శాగిర్దుకు ఉస్తాద్ తన విద్యను అప్పగిస్తాడు. ఆ పిల్లలకు ఎవరూ ఏమీ అప్పగించలేదు. వారి బాల్యాన్నే తీసుకున్నారు.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2010లో హైదరాబాదు హలీంకు దక్కిన గౌరవమే ఇది. ఈ గుర్తింపు గాజుల పేరును నకిలీల నుండి కాపాడగలదు. కానీ పనివాని కూలిని అది నిర్ణయించదు. అందులో కొనేవారి పాత్ర కూడా ఉంది.

కనుక ఈసారి గాజులు కొనేటప్పుడు అంగడివానిని ఒక్క మాట అడగండి: ‘వీటిని ఎవరు చేశారు, ఎక్కడ చేశారు?’ బేరమాడే ముందు, మనం తగ్గించే ప్రతి రూపాయి ఎవరి కూలిలో కోతపడుతుందో తలచుకోండి. మన బిడ్డ నికాహ్ ముస్తాబులో మరొకరి బిడ్డ కన్నీరు కలవకుండా చూడటం మన బాధ్యత.